కందులు ఎత్తినం

ఈ మధ్య ఫోను మోగితే లేవబుద్ధి కావడం లేదు. మోకాళ్ల నొప్పి ఒకటి, లేచి తీస్తే ఏ ప్లాటు కొంటావమ్మా అనే గొంతులు ఒకటి. వికారాబాదులో మా ఇంటి వరండాలో చిక్కుడుకాయలు తుంచుకుంటూ కూర్చున్న రోజు మోగిన ఫోను కూడా అట్లాంటిదే అనుకుని ఊరుకున్నాను. నా మనవరాలు తెచ్చి ముఖం ముందు పెట్టింది. తెర మీద తలకు నల్లగుడ్డ చుట్టుకున్న ఒక పిల్ల, ఇరవై ఏళ్లుంటాయేమో, నన్ను చూసి చెయ్యి గుండె మీద పెట్టుకుంది. ఏదో అన్నది. అరబీ. ఆమె ఆగగానే ఫోనులోంచి ఇంకో ఆడగొంతు, ఊపిరి పీల్చని గొంతు, పుస్తకం చదివినట్టు చెప్పింది: "నమస్కారం. నేను మీ యొక్క దూరపు బంధువును. నా పేరు రీమ్. మా అమ్మమ్మ సల్మా మరణించినది."

సల్మా పేరు వినగానే చేతిలో చిక్కుడుకాయ చేతిలోనే ఉండిపోయింది. తాండూరులో మా తమ్ముడి పరుపుల దుకాణం నంబరు ఫోనులోనే వెతికి పట్టిందట, వాడు నా నంబరు ఇచ్చాడట. ఆ పిల్ల ఒక్కటే అడిగింది. వాళ్లింట్లో ఒక మాట ఉంది. రాత్రి ఏదైనా చప్పుడై పిల్లలు ఉలిక్కిపడితే పెద్దవాళ్లు ఆ మాట అంటారు, పిల్లలు పడుకుంటారు. అది అరబీ కాదు. ఆ ఊళ్లో ఇంకెవరింట్లోనూ లేదు. దాని అర్థమేమిటో తాండూరు వాళ్లనడుగు అని సల్మా పోయే ముందు చెప్పిందట. ఇంతవరకు ఫోనులో తర్జుమా చేసే యంత్రం చెప్పింది. ఆ మాట మాత్రం పిల్ల తన నోటితోనే అన్నది: "ఇత్తినం." యంత్రం కాసేపు ఆలోచించి, "విత్తనం" అన్నది. నా మనవరాలు నవ్వింది. "సీడ్ అట నాయినమ్మా." ఆ పిల్ల కూడా తలూపింది, విత్తనమా అన్నట్టు. నేను కాదని చెయ్యూపాను. కాదంటే మరేమిటో చెప్పాలి కదా, చెప్పడానికి ఒక్క మాట దొరకలేదు. రేపు చెప్తానన్నాను. ఆ రాత్రంతా పక్క మీద పడుకుని, ఎక్కడ మొదలుపెట్టాలా అని వెతుక్కుంటూనే ఉన్నాను.

మొదలంటే తాండూరు ఇల్లే. మేము దూదేకులవాళ్లం. మసీదుకు పోతాం, ఇంట్లో తెలుగు మాట్లాడతాం. మా నాయిన పగలంతా వసారాలో విల్లు కట్టి దూది ఏకేవాడు. ఆ తీగ మోగుతున్నంతసేపు ఇంట్లో ఎవరి మాట ఎవరికీ వినబడేది కాదు, అందుకే మా ఇంట్లో అందరికీ గొంతు పెద్దది. గాలి నిండా దూది. అన్నం మీద దూది, నూనెదీపం మీద దూది, నాయినమ్మ తలలో ఏది దూదో ఏది నెరిసిందో తెలిసేది కాదు. ప్రత్యేక తెలంగాణ గొడవల ఏడు బళ్లు మూశారు. మళ్లీ తెరిచినప్పుడు మా వాడకట్టు పిల్లలందరూ పోయారు, నేను పోలేదు. అప్పటికే నాయినమ్మ నన్ను కందుల దగ్గర కూర్చోబెట్టింది. నా చదువు అక్కడే ఆగింది. ఇప్పుడు ఈ నాలుగు ముక్కలు రాస్తున్నానంటే పొట్లాల కాగితాలు చదివి చదివి కూడబలుక్కున్న అక్షరాలే.

కొత్త కందులు రాగానే నాయినమ్మ ఊళ్లో పెద్ద ఇళ్లకు పప్పు చేసి ఇచ్చేది. కందులు నానబోసి, ఎర్రమన్ను మెత్తగా కలిపి గింజగింజకూ పట్టించి, కుప్పపోసి గోనె కప్పేది. తెల్లవారి వాకిట్లో బండల మీద నెరిపేది. తాండూరు బండలు ఎండకు పెనంలా కాలేవి. తడిమన్ను, నానిన కంది కలిసి ఒక వాసన వచ్చేది, కొంచెం పుల్లగా, కొంచెం వానలాగా. ఆ వాసన ఇప్పుడు ఎక్కడా లేదు. గింజ గలగలమని ఎండాక మన్ను చెరిగేసి, విసుర్రాయిలో పోసి తిప్పితే పొట్టు విడిచి బద్ద పచ్చగా పడేది. ఇంత పనికీ శత్రువు ఒక్కటే, మబ్బు. ఎర్రమన్ను పట్టించిన కందులు ఒక్క జల్లు తడిశాయంటే నల్లబడి ముక్కిపోతాయి, పశువుకు పెట్టాల్సిందే. అందుకే కందులున్నన్ని రోజులు ఒకరు వాకిట్లోనే ఉండాలి. కోళ్లను తోలాలి, చెయ్యి పెట్టి తిరగెయ్యాలి, తలెత్తి ఆకాశం చూస్తుండాలి. కొంచెం నల్లగా కనబడితే ఇంట్లోకి కేక వెయ్యాలి: మబ్బు వట్టింది, కందులు ఎత్తుర్రి. ఆ కేక వినబడితే నాయిన కూడా విల్లు వదిలి ఉరికొచ్చేవాడు.

ఆ కందుల దగ్గరే నాయినమ్మ తన అక్క సంగతి చెప్పేది. నాయినమ్మ పేరు మాబమ్మ, అక్క హుసేనమ్మ. కోట్‌పల్లి దిక్కు పల్లెలో పుట్టిన ఇద్దరూ తాండూరులో పక్కపక్క గుమ్మాలకే కాపురానికి వచ్చారు. హుసేనమ్మ మొగుడు అరబ్బు. నిజాం కాలంలో తాండూరులో ఒక పెద్దమనిషి గడీకి కాపలా ఉండేవాడు. అందరూ చావూషు అనేవారు, పేరేమిటో నాయినమ్మకు కూడా తెలియదు. పెళ్లయిన ఎన్నో ఏళ్లకు వాళ్లకు ఒక ఆడపిల్ల పుట్టింది, సల్మా. ఆ పిల్ల చంకలో ఉండగానే పోలీసు యాక్షన్ అయింది. అరబ్బులను వాళ్ల దేశాలకు ఓడ ఎక్కించి పంపించారు. హుసేనమ్మ మొగుడి వెంట పోయింది. ఆ దేశం పేరు నాయినమ్మకు నోరు తిరగదు, "సముద్రం అవుతల" అనేది.

"పోయెనాడు బండెక్కింది బిడ్డా," అని చెప్పేది నాయినమ్మ, కందులు తిరగేస్తూనే. "బండి కదిలింది. నేను ఎనుక ఉరుకుతున్న. అక్క తల బయటికి పెట్టింది. ఏమంటదో అనుకున్న. మళ్ల వస్త అంటదేమో, పైలం అంటదేమో. ఏమన్నదో ఎరికేనా? మాబూ, మబ్బు వట్టింది, కందులు ఎత్తు, అన్నది. గంతే. మూల మల్క తిరిగింది బండి."

"మరి నువ్వేమన్నవ్?"

"ఏమంట? ఏడ్పు ఆగితె గద. పోయెటప్పుడు సుత పనే చెప్పింది చూడు. అక్క అంటె గంతే. పెత్తనం."

ఎన్నిసార్లు చెప్పినా ఆ పెత్తనం దగ్గరే ముగించేది. ఆ రోజు కందులు ఏమయ్యాయని నేనొకసారి అడిగితే, తడిసిపోయినయి పో, నీ పని నువ్వు చూడు, అని కసిరింది. ఆ తర్వాత అక్క సంగతి ఏదీ తెలియలేదు. ఉందో లేదో కూడా. నమాజు తర్వాత దువా చేసేటప్పుడు నాయినమ్మకు అదొక్కటే ఇరకాటం. చనిపోయినవాళ్లకు ఒక రకంగా అడగాలి, బతికినవాళ్లకు ఇంకో రకంగా అడగాలి. అక్కను ఏ వరసలో పెట్టాలో తెలియక రెండింట్లోనూ పేరు చెప్పేది. "ఏదో ఒక దిక్కు తగులుతది" అనేది.

నాకు పెళ్లి సంబంధాలు చూస్తున్న కాలంలో, చలి రోజుల్లో, బట్టల కొట్టు హాజీ సాబు హజ్ చేసి వచ్చాడు. ఖర్జూరాలు, జమ్‌జమ్ నీళ్లు పంచుతూ మా ఇంటికి కూడా వచ్చి, నాయినమ్మ చేతిలో ఒక క్యాసెట్ పెట్టాడు. మక్కాలో మనవాళ్లున్న డేరాల మధ్య ఒక అరబ్బు "తాండూర్, తాండూర్" అని అడుగుతూ తిరిగాడట. తాండూరు నాదే అంటే ఇది ఇచ్చి చేతులు పట్టుకున్నాడట. "ఆయన మాట నాకు సమజ్ కాలె, నా మాట ఆయనకు సమజ్ కాలె. గని దీని మీద నీ పేరుంది మాబమ్మా," అన్నాడు హాజీ సాబు. ఉర్దూ చదువుకున్న మనిషి కనుక ఆ అక్షరాలు చదవగలిగాడు. మాబమ్మ, తాండూర్.

టేపురికార్డరు మా పక్కింటి గౌరమ్మ ఇంట్లో ఉండేది. వాళ్లు కందుల వ్యాపారం చేసే లింగాయతులు, ఇంట్లో కన్నడం మాట్లాడతారు. ఆమె కొడుకు దాన్ని మా ఇంటికి తెచ్చి క్యాసెట్ పెట్టాడు. ఒక ఆడగొంతు బిస్మిల్లా అన్నది, సలాం చెప్పింది. అంతవరకు మాకు తెలిసిన మాటలే. ఆ తర్వాత గడగడా అరబీ. మధ్యమధ్య అల్లా పేరు, ఇన్షా అల్లా, అల్‌హమ్‌దులిల్లా. వచ్చింది మక్కా నుంచి, జమ్‌జమ్ నీళ్లతో కలిసి, ఖురాన్ ఉన్న భాషలో. మాకు ఆ భాషలో తెలిసిందంతా దేవుడి మాటే. అమ్మ గబుక్కున తల మీద కొంగు కప్పింది. నాయిన నెత్తికి రుమాలు కట్టాడు. గొంతు ఆగిన చోటల్లా నాయినమ్మ ఆమీన్ అన్నది, ఆమె వెంట మేమూ అన్నాం. అయిపోయాక నాయినమ్మ కళ్లు తుడుచుకుని, "అక్కనే. అక్క నా కోసం చదివి పంపింది. బతికుంది," అన్నది. గొంతు పడుచుదానిలా ఉంది కదా అన్నాను. "ఆ ఎండలకు గొంతు సన్నగైంది" అన్నది.

అప్పటి నుంచి దువాలో అక్క పేరు ఒక్క వరసలోకే వచ్చింది. క్యాసెట్‌ను ఆకుపచ్చ గుడ్డలో చుట్టి ఖురాన్ పక్కన పై అరలో పెట్టింది. బేస్తవారం సాయంత్రం ఊదుబత్తి వెలిగించి వినేవాళ్లం. గౌరమ్మ కొడుకు ఒకటి రెండుసార్లు, "అజ్జీ, రెండో దిక్కు తిప్పుదమా?" అన్నాడు. నాయినమ్మ చెయ్యి అడ్డం పెట్టింది. "దేవుని మాటను బోర్లిస్తరా పోరగా?" ఇంట్లో ఎవరికీ అది తప్పని తోచలేదు. ఖురాన్‌ను బోర్లించి పెట్టం కదా, ఇదీ అంతే. మసీదులో నమాజు చదివించే పెద్దాయనకు వినిపించి అర్థమడుగుదామని నాయిన అంటే కూడా ఒప్పుకోలేదు. "మా అక్క గొంతు పరాయి మొగోళ్లకు ఇనిపిస్తనా?" అన్నది. అట్లా ఆ ఏడు కందులు అయిపోయాయి, వానాకాలం వచ్చింది, పోయింది.

మళ్లీ చలి మొదలయ్యాక ఒక బేస్తవారం గౌరమ్మ కూడా వచ్చి మా పక్కన కూర్చుంది. గుమ్మానికి ఆనుకుని, కొంగు ఒళ్లో పెట్టుకుని, మొత్తం విన్నది. మేము ఆమీన్ అన్న చోటల్లా మా ముఖాలు చూసింది. అయ్యాక, "మాబక్కా, ఏమనుకోకు. మీ మంత్రం చదివెటప్పుడు మ్యాక ఎందుకు అరుస్తది?" అన్నది.

"ఖుర్బానీ మ్యాక అయ్యుంటది."

"సరె. మరి నడుమ ఎవరినో ఛీ ఛీ అని తోలుతుంది. గదే మ్యాకనేమో."

నాయినమ్మ టేపురికార్డరు వైపు తిరిగింది.

"ముందుగాల నవ్వుతుంది. అటెనుక ఏడుస్తుంది. ముక్కు చీదుతుంది. గిది మంత్రం గాదు మాబక్కా. ఎవరో నీతోటి మాట్లాడుతున్నరు. ఏందో అడుగుతున్నరు."

ఊదుబత్తి పూర్తిగా కాలే దాకా నాయినమ్మ అట్లాగే కూర్చుంది. నేను లేచి క్యాసెట్ గుడ్డలో చుట్టబోతే వద్దన్నది. "ఆమె ఏమడిగిందో ఏమో," అన్నది చివరికి. "యాడాది సంది ప్రతిదానికి ఆమీన్ అనుకుంట కూసున్న."

నాయినమ్మ అంత డీలాపడటం నేను అంతకు ముందు చూడలేదు. మనిషి ఒక్కసారిగా వడిలిపోయింది. అన్నం దగ్గర కూర్చుని లేచిపోయేది. అక్క ఆపదలో ఉండి అడిగిందేమో, ఇన్నాళ్లూ జవాబు కోసం చూసి చూసి పోయిందేమో అని ఒకటే గుబులు. పరాయి మగవాడికి గొంతు వినిపించననే పట్టుదల అప్పుడు వదిలింది. వికారాబాదు స్టేషన్ వెనక యూసుఫ్ అనే అబ్బాయి ఉన్నాడని, జిద్దాలో లారీ నడుపుతాడని, సెలవు మీద వచ్చాడని నాయిన కనుక్కొచ్చాడు. నాయినమ్మ, నేను, నాయిన పొద్దున ప్యాసింజరు ఎక్కాం. టేపురికార్డరును పాత చీరలో చుట్టి నా ఒళ్లో పెట్టుకున్నాను. ధారూరు దాటాక గుట్టలు వచ్చాయి. కిటికీ పక్కన కూర్చుని కూడా నాయినమ్మ బయటికి చూడలేదు. క్యాసెట్ ఉన్న సంచిని రెండు చేతులతో పట్టుకుని కూర్చుంది.

యూసుఫ్ మంచివాడు. చాప వేయించి, భార్యతో చాయ్ పెట్టించి, ముందే చెప్పేశాడు. "నానీ, నాకొచ్చింది లారీ అరబీ. కుడి, ఎడమ, ఆపు, దించు, జీతమెప్పుడు. ఇంట్ల మాట్లాడె అరబీ నాకు పూర రాదు. వీళ్ల యాస సుత వేరె ఉంటది. జర నిదానంగ ఇందం." ఒక్కో మాటకు ఆపి, వెనక్కి తిప్పి, మళ్లీ విని, పెదాలు కదుపుతూ కూర్చున్నాడు. టేపు తిరిగిందానికంటే ఆగిందే ఎక్కువ. నాయినమ్మ ఆ అబ్బాయి నోటినే చూస్తోంది.

"ఈమె మీ అక్క గాదు నానీ. ఉమ్మీ, ఉమ్మీ అంటుంది. మా అమ్మ అని. ఈమె బిడ్డ. పేరు సల్మా."

"చంకల పిల్లనా?" అన్నది నాయినమ్మ. "మరి అమ్మ?"

"ఆగు నానీ." మళ్లీ వెనక్కి తిప్పాడు. "ఉన్నది. బతికే ఉన్నది. గని ముసలిదైంది. ఏమంటున్నదంటె... మా మాట మర్చిపోయింది అంటుంది. అరబీ మొత్తం మర్చిపోయింది. తన మాటనే మాట్లాడుతది, పొద్దంత. అది మాకెవ్వరికీ రాదు. మా నాయిన మమ్ముల నేర్వనియ్యలె అంటుంది." కొంచెం ముందుకు పోయి మళ్లీ ఆగాడు. "ఒక్కటే మాట అడుగుతదట అమ్మ. లేస్తది, తలుపు కాడికి పోతది, అడుగుతది. ఆకలైతుందేమో అని అన్నం పెట్టినం. నొప్పేమో అని మందిచ్చినం. దువా చదివి ఊదిపిచ్చినం. ఊకుంటలేదు, పండుకుంటలేదు. మా మీద కోపమా, మాతోటి తప్పేమన్న అయిందా, అంటుంది. మాబమ్మా, నువ్వు ఇని చెప్పు, ఆమె ఏం కావాలంటుంది? ఆమె గొంతు రెండో దిక్కు ఉన్నదంటుంది."

రెండో దిక్కు అనగానే నాయినమ్మ చెయ్యి అలవాటు కొద్దీ ముందుకు లేచింది. మళ్లీ తనే వెనక్కి తీసుకుని ఒళ్లో పెట్టుకుంది. యూసుఫ్ క్యాసెట్‌ను బోర్లించాడు.

మొదట గాలి. ఏదో గిన్నె కింద పెట్టిన చప్పుడు. ఎవరో పిల్లలు గుసగుసలాడారు. అప్పుడు ఒక ముసలి గొంతు, బొంగురుగా, మా నాయినమ్మ గొంతు కంటే పెద్దగా, మా కోట్‌పల్లి యాసలో అన్నది. "మబ్బు వట్టింది. కందులు ఎత్తిన్రా?" కాసేపు ఆగింది. ఎవరో అరబీలో సముదాయిస్తున్నారు. "ఓయ్, మబ్బు వట్టిందంటున్న గద. కందులు ఎత్తిన్రా? ఎవ్వరు పలుకరేంది?" మళ్లీ ఆగింది. మళ్లీ అదే. టేపు అయ్యే దాకా అదే అడిగింది. చివరికి వచ్చేసరికి ఆ గొంతులో కోపం పోయింది, పెత్తనం పోయింది. అడిగి అడిగి అలిసిపోయిన మనిషి ఇంకా అడుగుతూనే ఉన్న గొంతు ఒక్కటి మిగిలింది.

నాయినమ్మ ఏడవలేదు. టేపురికార్డరు మీదికి వంగి, చెవిటివాళ్లతో మాట్లాడినట్టు, "యాడ ఎత్తిన అక్కా," అన్నది. "నీ బండెంట ఉరికితి గదా."

యూసుఫ్ నాలుగు రోజుల్లో తిరిగి జిద్దా పోతున్నాడు. అతనుండే వీధిలో ఆ దేశపు వాళ్ల కొట్లు చాలా ఉన్నాయట, క్యాసెట్ ఇస్తే, సల్మా టేపులో చెప్పిన ఊరికి చేరుస్తారట. నాయిన పోయి స్టేషన్ బజారులో ఖాళీ క్యాసెట్ కొనుక్కొచ్చాడు. ముందు యూసుఫ్ సల్మాకు అరబీలో సంగతి చెప్పాలి. ఆకలి కాదు, నొప్పి కాదు, మీ తప్పు కాదు, అన్నాడు. అంతవరకు బాగానే నడిచింది. కందుల దగ్గర ఆగిపోయాడు. "కందులను ఏమంటరో నాకు తెల్వదు. అక్కడ అదస్ అని ఒక పప్పు తింటం, ఎర్రపప్పు. గదే అంట."

"ఎర్రపప్పు గాదు. కందిపప్పు," అన్నది నాయినమ్మ.

"ఆమెకు సమజ్ కావాలె గద నానీ."

"అయితె తాండూరు పప్పని చెప్పు."

మబ్బుకు కూడా అతనికి మాట రాదు, వానకు వచ్చు. వాన వస్తది, తాండూరు అదస్ వాకిట్ల ఉన్నది, లోపలికి తెచ్చిన్రా అని అడుగుతుంది మీ అమ్మ, అని లారీ సరుకు దించినట్టు చెప్పాడు. ఆ తర్వాత టేపురికార్డరు నాయినమ్మ ముందు పెట్టాడు. ఆమె కొంగు సర్దుకుని, సముద్రం దాటాలన్నట్టు కేక వేసింది. "బిడ్డా సల్మా. నేను మీ చిన్నమ్మను. మాబును. మీ అమ్మ అట్ల అడిగితె, ఎత్తినం అనుర్రి. అను బిడ్డా. ఎ-త్తి-నం." అని ఆగి, చెయ్యి చెవి దగ్గర పెట్టుకుని, జవాబు వినబడినట్టే తలూపింది. "ఆఁ, మంచిగన్నవు. ఇంకొక్కసారి. ఎ-త్తి-నం." యూసుఫ్ భార్య కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. నాయినమ్మ ఆమెను చూడను కూడా చూడలేదు. యూసుఫ్ వైపు తిరిగి, "ఇది చెప్పు. పక్కన కూసొని మెల్లగ అనొద్దు, నమ్మది. వాకిట్లకు పోయి గట్టిగ అనాలె. ఎత్తెటోళ్లు వాకిట్ల ఉంటరు గద," అన్నది. అదీ చెప్పాడు.

తిరుగు బండిలో నేనుండబట్టలేక అడిగాను. "ఆనాడు తడిసిపోయినయంటివి గద నాయినమ్మా. ఎత్తినమని చెప్పిస్తివేంది?"

"ఇన్నేండ్లు తడిగనే ఉంటయా పోరీ," అన్నది కిటికీలోంచి గుట్టలు చూస్తూ. "ఎప్పుడో ఎండినయి."

జవాబు కోసం చూసిన కాలం చాలా పెద్దది. ఆ ఏడు కందులు వచ్చాయి, పప్పు చేశాం, కానీ నాయినమ్మ చేతిలో మునుపటి ఊపు లేదు. ఎర్రమన్ను కలపడం నాకు అప్పజెప్పి గోడకు ఆనుకుని కూర్చునేది. నాకు పెళ్లి కుదిరింది, వికారాబాదుకే. పెళ్లికి ముందు యూసుఫ్ భార్య కబురు పంపింది, జిద్దా నుంచి పార్సిల్‌లో క్యాసెట్ వచ్చిందని. నాయిన పోయి తెచ్చాడు. ఈసారి ఊదుబత్తి లేదు, తల మీద కొంగులు లేవు. గౌరమ్మ తనే టేపురికార్డరు ఎత్తుకొచ్చింది. "ముందు రెండో దిక్కే పెట్టు" అన్నది నాయినమ్మ.

గాలి. పిల్లలు. ఆ ముసలి గొంతు ఇంకా నీరసించి ఉంది. "మబ్బు వట్టింది. కందులు ఎత్తిన్రా?" ఎక్కడో దూరంగా, వాకిట్లోంచి కాబోలు, ఒక్క గొంతు కాదు, ఇంటిల్లిపాది, చిన్నా పెద్దా కలిసి గట్టిగా అన్నారు. "ఇత్తినం!" మాకు నవ్వు వచ్చింది. టేపులో కూడా ఎవరో నవ్వారు. ఆ తర్వాత ముసలి గొంతు, "మంచిగ కప్పిన్రా?" అన్నది.

అది వాళ్లకు మేము నేర్పలేదు. అటువైపు గుసగుసలు. వాళ్లకు వచ్చిన తెలుగంతా ఒక్క మాట. అదే మళ్లీ అన్నారు, కొంచెం భయంగా, కొంచెం మెల్లగా. "ఇత్తినం."

మా ఇంట్లో గోడకు ఆనుకున్న నాయినమ్మ, "కప్పిన అక్కా. గోనె కప్పిన," అన్నది.

"సరె," అన్నది టేపులో గొంతు. "గట్లైతె జర పండుకుంట." మంచం కిర్రుమన్నది. ఆ తర్వాత టేపు చివరిదాకా గాలి తప్ప ఏమీ లేదు. ఎవరూ దాన్ని ఆపలేదు. అయిపోయే దాకా విన్నాం.

అక్కాచెల్లెళ్లలో ఎవరు ముందు పోయారో నాకు తెలియదు. నా పెళ్లయిన కొన్నాళ్లకే నాయినమ్మ పోయింది. ఆ సంగతి చెప్తూ పంపిన క్యాసెట్ చేరిందో లేదో. యూసుఫ్ జిద్దా మానుకుని వచ్చేశాడు, ఆ వీధి కొట్ల వాళ్లు ఎవరో ఏమో. ఇక్కడ దూది విల్లు పోయి మిషను వచ్చింది. కందిపప్పు సంచుల్లో వస్తోంది, మన్ను వాసన లేదు, మబ్బు పట్టినా ఎవరూ పరుగెత్తరు. వాకిట్లో బండలు తీసి మెరిసే టైల్స్ వేశారు, వాటి మీద నడవాలంటే నాకు భయం. ఇక ఈ ఫోను. అప్పుడు ఒక్క మాట అటు పోయి ఇటు రావడానికి మా ప్రాణాలు కడబట్టాయి. ఇప్పుడు ఆ పిల్ల పెదవి కదిపితే చాలు, యంత్రం తెలుగు చేసేస్తోంది. ఎట్లా ఉన్నారు అంటుంది, బాగున్నాం అంటాం. మీరెట్లా ఉన్నారు అంటాం. అన్నీ అర్థమవుతాయి. ఆ తర్వాత ఇద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకుంటూ కూర్చుంటాం.

ఆ మొదటి ఫోను వచ్చిన మర్నాడు, రీమ్ చెప్పిన వేళకే మళ్లీ చేసింది. నేను మొదటి నుంచి చెప్పాను, ఎర్రమన్ను, బండలు, బండి, మేక, అన్నీ. నా మాట యంత్రానికి సగమే అందింది. అది ఏం చెప్పిందో కానీ, కందుల దగ్గర పిల్ల ముఖం అయోమయంగా పెట్టింది. మళ్లీ చెప్పాను. మళ్లీ అంతే. నాకు ఆయాసం వచ్చింది. మనవరాలితో, ఆ చదివేదాన్ని ఆపెయ్యమని చెప్పాను. నేను ఫోను దగ్గరికి వంగి నాయినమ్మ గొంతుతో కేక వేశాను. "మబ్బు వట్టింది. కందులు ఎత్తిన్రా?"

పిల్ల కళ్లు పెద్దవయ్యాయి. ఆ మాటకు ముందు ఒక ప్రశ్న ఉందని ఆమెకు అప్పటిదాకా తెలియదు. లేచి నిలబడింది. ఫోను పట్టుకుని ఎటో నడిచింది, గోడలు, గుమ్మం కదిలాయి, ఎండ పడింది. వాకిలి. వెనక చిన్నపిల్లలెవరో చేరారు. అందరూ కలిసి గట్టిగా అన్నారు.

"ఇత్తినం."

"సరె బిడ్డా," అన్నాను. "గట్లైతె జర పండుకుంట."

ఫోను మనవరాలి చేతికిచ్చి, చిక్కుడుకాయల గిన్నె పక్కకు జరిపి, మంచం మీద ఒరిగాను.